ఏటి మధ్య పుట్టిన మాటలు

రాష్ట్ర వృత్తిపద భాండాగారంలో వీరవేణి చేసిన తప్పు ఒక్కటే. నాలుగు నిమిషాల పనిని నాలుగు నిమిషాల్లో చేసేసింది. అందులోనూ సగం టీ చల్లార్చుకోవడానికే పోయింది.

భాండాగారం అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. వశిష్ఠ గోదావరి ఒడ్డున, జనాన్ని ఏరు దాటించే పంటు రేవుకు పోయే దారిలో, ఒకప్పుడు ఉప్పు దాచిన గోదాము. కుమ్మరి, కమ్మరి, సాలె, మేదర, పడవ, ఇలా ఎనభై ఏడు వృత్తులవాళ్లు పనిలో వాడుకునే మాటల్ని ఊరూరా ఏరి, చీటీల మీద రాసి, అట్టపెట్టెల్లో పెట్టి తాళం వేసుకునే ఆఫీసు అది. మొత్తం నలభై ఒక్క వేల మాటలు. వాటిని చెప్పినవాళ్లు చాలామంది పోయారు, రాసినవాళ్లు కొందరు పోయారు, చెదలు మాత్రం మొదటినుంచీ అక్కడే ఉన్నాయి. చీటీలన్నీ కంప్యూటరుకెక్కించి మార్చి ముప్పై ఒకటిలోగా రాజధానికి పంపితే నిఘంటువుగా లోకమంతా చూసేలా పెడతామన్నారు. పంపకపోతే పథకం రద్దు, చీటీలు మళ్లీ చెదల పాలు.

ఎక్కించే పనికి కాంట్రాక్టు మీద వచ్చిన సాంకేతిక సహాయకురాలు వీరవేణి. రెండేళ్లు కూర్చుని నలభై ఒక్క వేల చీటీలూ ఎక్కించింది. రాజధానివాళ్లు అడిగిన పద్ధతి పేరు ఎక్స్‌ఎంఎల్. పేరు చూసి బెదరక్కర్లేదు. ఇది మాట, ఇది అర్థం, ఇది చెప్పినవారి పేరు అని ప్రతి ముక్కకీ ముందూ వెనకా ఒక పట్టీ కట్టడం, అంతే. వృత్తికొక ఫైలు. ప్రతి మాటకీ ఒక గుర్తు ఉండాలి, ఒకే ఫైల్లో ఒకదాని గుర్తు ఇంకోదానికి ఉండకూడదు. ఆ గుర్తు అంకెతో మొదలవకూడదు, అక్షరంతోనే మొదలవ్వాలి. మధ్యలో ఖాళీ ఉండకూడదు, ఏటవాలు గీత ఉండకూడదు. ఇవి తప్పితే రాజధానిలోని యంత్రం ఫైలు మొత్తాన్ని వెనక్కి కొడుతుంది.

వీరవేణి ముందు ఒకటి, రెండు, మూడు అని వేసి చూసింది. యంత్రం ఒప్పుకోలేదు. సరే, పదమే కదా అని ప్రతి అంకె ముందూ ‘ప’ తగిలించింది. ప1, ప2, ప3. యంత్రం నోరుమూసుకుంది. టీ గ్లాసు పక్కనపెట్టి, సంతోషం పట్టలేక నోట్ ఫైల్లో ఒక వాక్యం రాసింది: “పదములన్నిటికీ గుర్తులు వేయడమైనది, సంతకమైతే ఈరోజే పంపవచ్చును.”

అప్పుడు నవంబరు. మార్చికి ఇంకా బోలెడు వ్యవధి ఉంది. ఆఫీసుల్లో వ్యవధి మిగిలిపోవడం ఎంత ప్రమాదమో ఆ అమ్మాయికి తెలియదు.

ఆదివారం గడిచి సోమవారం వచ్చింది. సోమవారం అంటే సత్యలింగం వచ్చే రోజు. ఆయన పూర్వం లాంచీ నడిపిన సరంగు. డెబ్భై ఎనిమిదేళ్లు. వంతెనలొచ్చి లాంచీలు మూలపడ్డాక, పడవవాళ్ల మాటలు ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని పన్నెండేళ్లుగా ఇక్కడికొచ్చి చీటీలు రాయించాడు. వెయ్యీ నూట పద్దెనిమిది మాటలు. ఆయన పట్టుదలంతా మాట మీద కాదు, చీటీ కింద ఉండే ‘చెప్పినవారు’ అన్న గడి మీద. ‘అమరం, పడవ వెనక భాగం, చెప్పినవారు: పోతురాజు.’ ‘అణియం, పడవ ముందు భాగం, చెప్పినవారు: నాగూర్ సాయెబు.’ అందరూ ఆయనతో కలిసి పనిచేసినవాళ్లే. ఒక్కరూ మిగల్లేదు. వాళ్లలో ఎవరికీ ఫొటో లేదు, సమాధి మీద పేరు లేదు. ఆ గడిలో ఉన్నారంతే.

“ఏవమ్మా వీరవేణీ, పోతురాజు పేరు పడిందా?” అని అడిగాడు, ప్రతి సోమవారం అడిగినట్టే.

“సంతకం అవ్వడమే తరువాయి తాతా. వచ్చే సోమవారం నా ఫోన్లోనే చూపిత్తాను.”

మాట ఇచ్చేసింది. ఇచ్చిన రెండు నిమిషాలకే డైరెక్టరుగారి గదిలోంచి పిలుపొచ్చింది.

డైరెక్టరు డాక్టర్ భీమశంకరంగారు మాట్లాడేదంతా ఉత్తర్వులాగే ఉంటుంది. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా ‘సదరు పప్పు’ అంటారని చెప్పుకుంటారు. పక్కన సూపరింటెండెంట్ చయనులుగారు. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఒక్క కాగితమూ నంబరు లేకుండా ఆయన చేతిమీదుగా పోలేదు.

“ఈ ‘ప’ అను అక్షరమును నిర్ణయించిన అధికారి ఎవరు?” అన్నారు డైరెక్టరుగారు.

“నేనేనండి. పదం కదా అని.”

“ఏ హోదాలో నిర్ణయించితివి?”

“హోదా ఏముందండి. టీ తాగుతా వేసేశాను.”

చయనులుగారు కళ్లు మూసుకున్నారు. తెరిచి మెల్లగా అడిగారు. “మొదటి నంబరు ఏ మాటకిచ్చావమ్మా?”

“‘అచ్చు’కండి. మగ్గంలో ఉండేది.”

“అంటే నేత పనివారి మాట ఒకటో నంబరు. కుమ్మరివారి చక్రం, ‘సారె’?”

“అది సకారం కదండీ, ముప్పై ఎనిమిది వేలలో ఎక్కడో ఉంటుందండి.”

“విన్నారా సార్? రేపు కుమ్మరి సంఘం వాళ్లొచ్చి మా సారె ముప్పై ఎనిమిది వేల మంది వెనక ఎందుకు నిలబడాలి అంటే ఏం చెబుదాం? అసెంబ్లీలో ప్రశ్న పడుతుంది.”

గుర్తంటే గుర్తే, వరస కాదు, పెద్దాచిన్నా కాదు అని వీరవేణి చెప్పబోయింది. కానీ నంబరంటే సీనియారిటీ తప్ప ఇంకోటి ఎరగని మనిషికి అదెలా చెబుతాం? ఆ సాయంత్రానికి ‘విశిష్ట గుర్తింపు సంకేత విధాన నిర్ణయ సంఘం’ ఏర్పాటైంది.

సంఘం పదకొండుసార్లు కూర్చుంది. మొదటి నాలుగుసార్లూ సంఘం పేరులో ‘విశిష్ట’ ఉండాలా ‘అద్వితీయ’ ఉండాలా అన్నదానికే సరిపోయింది. అయిదోసారి రాజధాని నుంచి ఒక కన్సల్టెంటు తెరమీద కనపడ్డాడు. “యంత్రం తనంతట తనే ముప్పై రెండు అక్షరాలూ అంకెలూ కలగలిపి గుర్తు తయారుచేస్తుంది. ఒక గుర్తు రెండోసారి రావడం ఈ సృష్టి ఉన్నంతకాలం జరగదు” అన్నాడు.

“ఆ హామీ వారు లిఖితపూర్వకంగా ఇస్తారేమో అడగండి” అన్నారు చయనులుగారు.

వీరవేణి చెయ్యెత్తింది. “సార్, అందులో వాడేవి పది అంకెలూ ఆరక్షరాలేనండి, పదహారింట పదిసార్లు అంకెతోనే మొదలవుతుందండి. యంత్రం ఒప్పుకోదు. ముందో అక్షరం పెడితే చాలు.”

“మళ్లీ అక్షరమా!” అని సభ యావత్తూ ఉలిక్కిపడింది. కన్సల్టెంటుని ఆర్పేశారు.

పదకొండోసారి డైరెక్టరుగారే లేచారు. “గుర్తు అనునది మూగదై ఉండరాదు. చూచినంతనే సదరు పదము ఏ జిల్లాది, ఏ మండలముది, ఏ వృత్తిది, ఏ సంవత్సరమున జన్మించినది అను సమస్తమూ తెలియవలెను. మనిషికి ఆధారము వలె పదమునకు జాతకము.” చప్పట్లు మోగాయి. గుర్తు ఇలా తేలింది: రా.వృ.ప.భా. అన్న తర్వాత ఒక ఏటవాలు గీత, జిల్లా పేరు, ఏటవాలు గీత, మండలం, మళ్లీ గీత, వృత్తి, గీత, జన్మ సంవత్సరం, గీత, ఆ పదం, అందం కోసం ప్రతి గీతకీ అటూ ఇటూ ఒక ఖాళీ.

“సార్, గీతా ఖాళీ రెండూ పనికిరావండి. యంత్రం—”

“యంత్రము యొక్క అభ్యంతరమును నమోదు చేయండి చయనులుగారూ.”

చయనులుగారు రిజిస్టరులో రాశారు. అభ్యంతరములు: ఒకటి. అభ్యంతరదారు: యంత్రము. నిర్ణయము: తోసిపుచ్చడమైనది.

ఇక జాతకం రాయాలంటే జన్మస్థలం తెలియాలి. తెలిస్తే చాలదు, ధ్రువపత్రం కావాలి. నలభై ఒక్క వేల మాటలకీ జన్మస్థల ధ్రువీకరణ కోరుతూ మండలాలన్నిటికీ లేఖలు వెళ్లాయి. తహసీల్దార్లు మొదట పరిహాసం అనుకున్నారు. మూడో రిమైండరు అందాక భయపడి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక తహసీల్దారు మాత్రం నిక్కచ్చి మనిషి, కుమ్మర్లు కుండలు కాల్చే వామిని ధ్రువీకరించమంటే, పదమును స్వయముగా హాజరుపరచనిదే ధ్రువీకరించుట సాధ్యపడదని రాశాడు. ఇక్కణ్ణుంచి ఒక గుమాస్తా బస్సెక్కి వెళ్లి, ఆయన ఎదుట నిలబడి ‘వామి, వామి, వామి’ అని మూడుసార్లు పలికి, స్టాంపు వేయించుకొచ్చాడు.

ధ్రువపత్రాలు సగం వచ్చేసరికి ప్రభుత్వం జిల్లాల్ని విడగొట్టింది. రాత్రికి రాత్రి మాటల జిల్లాలు మారిపోయాయి. వేసిన గుర్తులన్నీ చెరిపి మళ్లీ మొదలెట్టారు. వీరవేణికి తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యలో సోమవారాలు వస్తూనే ఉన్నాయి, సత్యలింగం వస్తూనే ఉన్నాడు. ఆయనకి ఎదురుపడలేక ఒకసారి వెనక గుమ్మంలోంచి జారుకుంది కూడా. ఆ సిగ్గు చాలా రోజులు పోలేదు.

ఫిబ్రవరిలో పడవ మాటల వంతొచ్చింది. చయనులుగారు సత్యలింగాన్ని కూర్చోబెట్టి రిజిస్టరు తెరిచారు.

“‘చుక్కాని’. ఎక్కడ పుట్టిందయ్యా ఈ మాట?”

“ఏట్లోనండి.”

“ఏట్లో అంటే ఏ ఒడ్డున?”

“ఒడ్డునుంటే చుక్కాని ఎందుకండి?”

చయనులుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. “అది కాదయ్యా. ఏటికి ఇటు ఒక జిల్లా, అటు ఒక జిల్లా. నువ్వు మధ్యలో అంటే నేను ఏ జిల్లా రాయను?”

“మధ్యలో జిల్లాలుండవండి. నీళ్లుంటాయి.”

“పోనీ ‘లంగరు’?”

“అదీ నీళ్లలోనేనండి. ఆయ్.”

వెయ్యీ నూట పద్దెనిమిది మాటలూ అడిగారు. వెయ్యీ నూట పద్దెనిమిదీ ఏట్లోనే పుట్టాయి. సాయంత్రం అయిదు గంటలకి చయనులుగారు పడవ ఫైలు మీద ‘పెండింగు’ అని రాసి, విధానంలో పద్నాలుగో క్లాజు చేర్పించారు: “జన్మస్థలము నిర్ధారణ కాని పదములకు, నిర్ణయము వెలువడు పర్యంతము, సాంకేతిక సహాయకురాలు తన ఇచ్చవచ్చిన గుర్తు తాత్కాలికముగా వేసుకొనవచ్చును.” వీరవేణి వాటికి ప1 నుంచి ప1118 దాకా వేసింది. ఈసారి టీ కూడా తాగలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. మార్చి ముప్పై ఒకటి ఉదయం పదిన్నరకి డైరెక్టరుగారి ఉత్తర్వు ఆమె బల్లమీదికొచ్చింది. “అనాథ పదములు భాండాగారము యొక్క ప్రతిష్ఠకు భంగకరము. కావున పెండింగునందున్న పదములన్నిటినీ ఈరోజు సాయంత్రము నాలుగు గంటలలోగా తొలగించి, శేషించిన ఫైళ్లను రాజధానికి పంపవలెను.”

వీరవేణి ఆ కాగితం రెండుసార్లు చదివింది. కోపమొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. పోతురాజు ఎవరో, నాగూర్ సాయెబు ఎవరో ఆమె ఎరగదు. కానీ రెండేళ్లు వాళ్ల పేర్లు తన చేత్తో కొట్టింది. ఒక మీట నొక్కితే వాళ్లు ఇంకెక్కడా ఉండరు. ఆ నొక్కేది తనే. ఉద్యోగం పోతే పోయిందని చేతులు ముడుచుకుని కూర్చుంది. కాసేపు కూర్చున్నాక, ఇంతమంది పిచ్చివాళ్ల మధ్య నాకొక్కదానికే బుద్ధి ఎందుకుండాలి అనిపించింది. ఉత్తర్వు పట్టుకుని చయనులుగారి దగ్గరికి నడిచింది.

“సార్, తీసెయ్యడానికి నేను సిద్ధమేనండి. ఏ మాటలు తీసెయ్యాలో జాబితా ఇప్పించండి.”

“జాబితా ఏముంది? పడవ మాటలు.”

“అలా నోటిమాటగా ఎలాగండి? ఏ పదాన్ని తీసేసినా, దాని శాశ్వత గుర్తు ఉత్తర్వులో రాయాలని తొమ్మిదో క్లాజులో మీరే రాశారు కదండీ.”

“అవును, రాశాను.”

“ఈ మాటలకి శాశ్వత గుర్తు లేదండి. లేదనే కదా తీసెయ్యమంటున్నారు.”

చయనులుగారు విధానం పుస్తకం తీశారు. తొమ్మిదో క్లాజు చదివారు, పద్నాలుగోది చదివారు, మళ్లీ తొమ్మిది. వీరవేణి మీద కోపం లేదు ఆయనకి. ఆయన నిజంగానే నిబంధనని నమ్మే మనిషి.

“గుర్తు ఉంటే తీసెయ్యాల్సిన పని లేదు. గుర్తు లేకపోతే తీసెయ్యడం కుదరదు” అన్నారు చివరికి, దేవుణ్ణి చూసినంత భక్తిగా. “ఉంచమ్మా. ఉంచక చేసేదేం లేదు.”

మూడున్నరకి వీరవేణి ఎనభై ఏడు ఫైళ్లూ పంపింది. నాలుగయ్యేసరికి యంత్రం జవాబిచ్చింది. నేత ఫైలు, తిరస్కరణ. కుమ్మరి, తిరస్కరణ. కమ్మరి, మేదర, వడ్రంగి, అన్నీ తిరస్కరణ. కారణం: గుర్తులో ఏటవాలు గీత ఉన్నది, ఖాళీ ఉన్నది. ఎనభై ఆరు వృత్తుల మాటలు జాతకాలతో సహా వెనక్కొచ్చాయి. ఒక్క ఫైలు పక్కన మాత్రం ఆకుపచ్చ టిక్కు పడింది. సాయంత్రానికి రాష్ట్ర వృత్తిపద నిఘంటువు లోకానికి విడుదలైంది. అందులో ఉన్న వృత్తి ఒక్కటే. రాష్ట్రంలో జనమంతా పడవలు నడుపుకుని బతుకుతున్నట్టు కనపడింది.

తర్వాతి సోమవారం వీరవేణి సత్యలింగం కోసం గుమ్మంలోనే నిలబడింది. ఫోను తెరిచి, వేలితో చూపిస్తూ చదివింది. “అమరం. పడవ వెనక భాగం. చెప్పినవారు: పోతురాజు.”

“మళ్లీ చదువమ్మా.”

చదివింది. మూడోసారి కూడా చదివించుకున్నాడు. పై కండువాతో మొహం తుడుచుకుని, “బానే ఉంది. ఆడు బతికుంటే నమ్మేవోడు కాదు” అన్నాడు. తర్వాత చుట్టూ చూశాడు. “మరి మిగతావోళ్ల మాటలేయమ్మా?”

అప్పటికే ఆఫీసంతా శ్మశానంలా ఉంది. రాజధానివాళ్లు పదిహేను రోజులు గడువు పెంచారు. గుర్తులు మార్చేస్తే గంట పని. కానీ జారీ అయిన విధానాన్ని రద్దు చేస్తే అది తప్పని ఒప్పుకున్నట్టే కదా. రద్దు చేయకుండా ఎలా మార్చాలి అన్నదానికి సంఘం మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచింది. వీరవేణి ఇదంతా తాతకి చెబుతుంటే, డైరెక్టరుగారూ చయనులుగారూ వరండాలో దిగులుగా నిలబడి వింటున్నారు.

“అయితే మా మాటలు ఎల్లింది ఏట్లో పుట్టినందుకేగా?” అన్నాడు సత్యలింగం. “అంతే అయితే ఆ పెట్టెలన్నీ ఓసారి పడవెక్కించి ఏటి మధ్యకి తీసుకుపోతే పోలా?”

వేళాకోళంగానే అన్నాడు పాపం. వీరవేణి నవ్వింది కూడా. డైరెక్టరుగారు మాత్రం నవ్వలేదు.

“చయనులుగారూ, పద్నాలుగో క్లాజు?”

“వర్తిస్తుంది సార్” అన్నారు చయనులుగారు. “నదీ మధ్యమున పునర్జన్మించిన పదమునకు జిల్లా ఉండదు. జిల్లా లేనిది పెండింగు. పెండింగుకి ఆవిడ ఇచ్చవచ్చిన గుర్తు. విధానంలో ఒక్క అక్షరమూ మార్చక్కర్లేదు!”

శుక్రవారం ఉదయం రేవులో ఒక లాంచీ మీదికి మూడువందల పన్నెండు అట్టపెట్టెలు ఎక్కాయి. డైరెక్టరుగారు ఉత్తర్వు పట్టుకుని అణియం దగ్గర, చయనులుగారు గొడుగూ సర్వే మ్యాపూ పట్టుకుని మధ్యలో, వీరవేణి ల్యాప్‌టాపుతో పెట్టెల మీద. సత్యలింగాన్ని సలహాదారుగా తీసుకెళ్లారు. లాంచీ నడిపేవాడు పాతికేళ్లవాడు, రేవు నుంచి రేవుకి తప్ప ఎరగడు.

“సరిగ్గా ఇక్కడ” అన్నారు చయనులుగారు మ్యాపు చూసి. “నాలుగు నిమిషాలు కదలకూడదు.”

“కదలకుండా ఎలాగండి? పాటు మీదుంది ఏరు, నీరు సముద్రంకేసి లాగేత్తంది, పైగా పడమటి గాలి” అన్నాడు నడిపేవాడు.

డైరెక్టరుగారు చదవడం మొదలుపెట్టారు. “ఇందుమూలముగా సమస్తమైన వారికీ తెలియజేయునది ఏమనగా, ఈ పెట్టెలయందలి పదములన్నియు ఈ క్షణమున, ఈ జలమధ్యమున…” లాంచీ తూర్పుకి జరగసాగింది.

“తొందరగా కానియ్యమ్మా!” అని అరిచాడు సత్యలింగం. “గాలి తోసేత్తంది. ఇంకో నిమిషమైతే ఇయ్యన్నీ అవతలి జిల్లాలో పుడతాయి!”

చయనులుగారి చేతిలో గొడుగు జారిపోయింది. వీరవేణి మీట నొక్కింది. సత్యలింగం ఆ కుర్రాణ్ణి పక్కకి తోసి చుక్కాని అందుకున్నాడు. ఇంజను తగ్గించి, పడవ ముఖాన్ని కాస్త గాలికేసి తిప్పి, ఒకసారి వదిలి, ఒకసారి బిగించి పట్టాడు. లాంచీ నిలబడిపోయింది. ఇరుపక్కలా నీళ్లు పోతున్నాయి, పడవ మాత్రం అక్కడే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు నిమిషాలు. ఎనభై ఆరు వృత్తుల మాటలకీ గుర్తులు పడ్డాయి.

“దీన్నేమంటారు తాతా? ఇలా నిలబెట్టడాన్ని?” అనడిగింది వీరవేణి. చీటీల్లో అలాంటిదేదీ చదివిన గుర్తు లేదు ఆమెకి.

“నిలుకట్టడం అంటానమ్మా.”

“ఎవరు చెప్పారు?”

సత్యలింగం కొంచెం సిగ్గుపడ్డాడు. “ఎవరూ చెప్పలేదు. నేనే అనుకునేవోణ్ణి. మిగతావోళ్లు నవ్వేవోరు. అందుకే రాయించలేదు.”

వీరవేణి పడవ ఫైలు తెరిచింది. ప1119 అని వేసి, మాట కొట్టి, అర్థం కొట్టి, చెప్పినవారు అన్న గడిలో సత్యలింగం అని రాసింది. చయనులుగారు అలవాటుకొద్దీ రిజిస్టరు తెరిచి, పెన్ను తీసి, ఏ జిల్లా అని అడగబోయారు. ఇటొడ్డు కేసి చూశారు, అటొడ్డు కేసి చూశారు. పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.